కూలీ భుజం

బిలాస్‌పూర్ రైలు మీద బతికే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఏలుబడిలో ఎదిగింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఇటువంటి ఊరిలో భుజం నొప్పి అంటే ఎవరూ తలెత్తి చూడరు. మూటలు మోసినవాడికి, పట్టాల మీద సుత్తి ఎత్తినవాడికి భుజం నొయ్యకపోతేనే వింత. కండరం పట్టేసిందనో, మధుమేహం వల్ల కీలు బిగుసుకుందనో వైద్యుడూ అనుకుంటాడు. చాలాసార్లు అది నిజమే.

చిక్కంతా ఆ మిగిలిన కొద్దిమందితోనే. రెక్క ఎముకకూ పక్కటెముకలకూ నడుమ ఎలాస్టోఫైబ్రోమా అనే గడ్డ ఒకటి పెరుగుతుంది. 1961లో యార్వి, సాక్సెన్ అనే ఫిన్లాండ్ వైద్యులు దీనిని తొలిసారి వర్ణించారు. యాభై దాటినవారిలో, అందులోనూ స్త్రీలలో ఎక్కువ. ఏళ్ల తరబడి బరువు పని చేయడం వల్ల కలిగే రాపిడి దీనికొక కారణమని పలువురి అభిప్రాయం. చెయ్యి దించితే ఎముక చాటున దాగుతుంది, ముందుకు చాపితే పైకి తేలుతుంది. ప్రాణం తియ్యదు. సైనోవియల్ సార్కోమా అలా కాదు. అది పడుచువారిని ఎక్కువగా పట్టే క్యాన్సర్. ఏళ్లపాటు నెమ్మదిగా పెరిగి, మామూలు గడ్డేనని నమ్మించి, ఊపిరితిత్తులకు పాకగలదు. గడ్డ లోతున ఉన్నా, ఐదు సెంటీమీటర్లు మించినా, పెరుగుతున్నా అనుమానించవలసిందే. ఎక్స్‌రేలో ఇవి తరచు కనబడవు. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ., ఆపైన ముక్క పరీక్ష కావాలి. అవేవీ లేకుండా తొందరపడి కోస్తే క్యాన్సర్ అవశేషం లోపలే మిగిలిపోయే ప్రమాదముంది.

రాజకీయం ప్రవేశించేది ఇక్కడే. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల చికిత్స హామీ ఇచ్చింది. అయితే ఆ హామీ ఆస్పత్రిలో చేరినవారికి; చేరడానికి ముందు మూడు రోజుల ఖర్చు వరకే దాని లెక్క. ఏమిటో తెలియని నొప్పితో నెలల తరబడి ఔట్ పేషెంట్ వరుసలో నిలబడేవాడు ఆ లెక్కలోకి రాడు. కోతకు డబ్బుంది, ఎక్కడ కోయాలో తెలుసుకోవడానికి లేదు!

2008లో లాలూ ప్రసాద్ రైల్వే కూలీలను గ్యాంగ్‌మెన్‌గా తీసుకుంటామన్నారు. అంటే భుజం మీది పెట్టె దించి సుత్తి ఎత్తించడమే. ఉద్యోగ భద్రత వరకు అది మేలైన మార్పే. 2016 బడ్జెట్‌లో సురేష్ ప్రభు కూలీలకు ‘సహాయక్’ అని పేరు మార్చారు. ఆ పేరుతో బరువేమీ తగ్గలేదు.

బిలాస్‌పూర్ ఎయిమ్స్‌ను 2022లో ప్రధాని ప్రారంభించారన్న వార్త చదివి ఆశపడిన వారెవరైనా ఉంటే, అది హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్. ఈ బిలాస్‌పూర్ వారు రాయ్‌పూర్ రైలెక్కాలి, వంద కిలోమీటర్లకు పైగా.