ఖాకా మీద ఎవరి పేరు?

మా ఇళ్లల్లో కుట్టుపనిని హునర్ అంటారు గానీ రోజీ అని ఎవరూ అనరు. "ఇంట్లో కూర్చుని నాలుగు కుట్లు వేసుకుంటుంది" అనేస్తారు. మా ఆపా కర్నూల్లో అలా నాలుగు కుట్లు వేసుకుంటూనే ఇద్దరు పిల్లల్ని డిగ్రీ దాకా చదివించింది. ఇప్పుడామెకు యాభై దాటాయి. మెడ పట్టేస్తుంది, మోకాళ్లు వాస్తాయి. రోజుకు పది గంటలు మిషన్ తొక్కడం ఇక బంద్ చేయమని డాక్టర్ సాబ్ చెప్పేశాడు. అప్పుడు ఆమె దగ్గర మిగిలిన దౌలత్ ఒకటే, గోడ మేకుకు వేలాడే ఖాకీ కాగితాల కట్ట. ఆపా వాటిని ఖాకాలు అంటుంది.

మగ్గం వర్కు కార్ఖానాల్లో ఖాకా అంటే సూదితో చిల్లులు పొడిచిన బటర్ పేపర్. ఆపా ఖాకా అది కాదు. గుడ్డ మీద పరిచి, సున్నపు ముక్కతో గీసుకుని కత్తిరించే కాగితం నమూనా. కలీదార్ కుర్తా, ఆరు గజాల ఖడా దుపట్టా కింద వేసే కుర్తీ, ఉరేబ్ చూడీదార్, ఇలా మా నానీ నుంచి వచ్చినవి. నానీ కొలతలు గిరహ్‌లలో ఉండేవి. గజానికి 16 గిరహ్‌లు, ఒక్కో గిరహ్ రెండుంపావు అంగుళాలు. ఆపా వాటన్నిటినీ టేపు లెక్కలోకి మార్చుకుంది.

చూడీదార్ సంగతే చూడండి. గుడ్డను ముందు ఏటవాలుగా థైలీలా కుట్టి, తర్వాత కోస్తారు. అలా ఉరేబ్‌లో కోసిన గుడ్డ సాగుతుంది, అందుకే చీలమండ దగ్గర గాజుల్లా మడతలు పడతాయి. తిన్నగా కోస్తే కాలు దూరదు. ఈ హిసాబ్ తెలిసిన చేతులు ఇప్పుడు మొహల్లాకు ఒకటో రెండో ఉంటాయి. పెళ్లి సీజన్‌లో చుట్టుపక్కల టైలర్లు ఆపా దగ్గరికి వచ్చి ఖాకా గీయించుకుని వెళ్లేవాళ్లు. ఒక్కోటి చేత్తో గీసి కోసేసరికి అరగంట.

హైదరాబాద్ బేగం బజార్ వైపు ఒక హోల్‌సేల్ సేఠ్ ఉన్నాడు. లైనింగ్, దారం, బొత్తాలు, జిప్పులు జిల్లాల్లోని టైలరింగ్ దుకాణాలకు పంపుతాడు. ఆపా, నేను ఖాకాలు పట్టుకుని వెళ్లాం. ఆయన తిప్పి తిప్పి చూసి, "కాం అచ్ఛా హై ఆపా, పన్ హాత్ సే నై చల్తా" అన్నాడు. ఆ మాట వెనక మూడు సవాళ్లున్నాయి. మూడొందలు అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఎన్ని సైజుల్లో ఉంటాయి? మిమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషి ఫోన్ చేయకుండా కుట్టుకోగలదా?

మూడో సవాల్ అసలైన ఇమ్తెహాన్. ఆపా ఎదురుగా ఉంటే చెయ్యి పట్టి చూపిస్తుంది. ప్యాకెట్‌లో ఆపా ఉండదు కదా.

ముందు సైజులు తేల్చాం. ఛాతీ 34 నుంచి 42 దాకా రెండేసి అంగుళాల తేడాతో ఐదు. ఖాకా నాలుగో వంతుకే గీస్తారు కాబట్టి సైజు మారినప్పుడు పక్క గీత అర అంగుళం జరుగుతుంది. భుజం, మెడ మాత్రం అంత పెరగవు. అన్నీ ఒకేలా పెంచితే పెద్ద సైజులో మెడ జారిపోతుంది. తర్వాత, ఇంజనీర్ల ప్లాన్లు తీసే పెద్ద జిరాక్స్ దుకాణానికి వెళ్లాం. మిషన్ కాస్త కుదించినా నాప్ మొత్తం పోతుంది కాబట్టి, ప్రతి కాగితం మూలన రెండంగుళాల చతురస్రం గీశాం. కొన్నవాళ్లు టేపు పెట్టి అది చూసుకుంటే చాలు, భరోసా.

కాగితం మీద మాటలు రాసే పని నాకు పడింది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇక్కడే తల తిరిగింది. మియానీని తెలుగులో ఏమనాలి? రెండు కాళ్ల సందున వేసే నలుపలకల ముక్క అనాలా? ఉర్దూ లిపిలో రాస్తే మన ఆడపిల్లల్లోనే సగం మంది చదవలేరు. చివరికి మియానీ, కలీ, ఉరేబ్, దామన్ అన్న లఫ్జులు అలాగే ఉంచి, తెలుగు లిపిలో రాసి, పక్కన బొమ్మ వేశాం. లిపి మారినా లఫ్జ్ బతికింది. కుట్టు కొత్తగా నేర్చుకుంటున్న మొహల్లా పిల్లలిద్దరికి ప్యాకెట్ ఇచ్చి, ఒక్క మాటా చెప్పకుండా కుట్టమన్నాం. వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడల్లా గుర్తు పెట్టి మళ్లీ రాశాను. రెండోసారి ఇద్దరూ ఆగకుండా కుట్టేశారు, మాషాఅల్లా.

ఇక సౌదా. ప్యాకెట్ మీద ధర 120. దుకాణ్‌దార్ 60కి తీసుకుంటాడు, సేఠ్ ఆపాకు 40 ఇస్తాడు. వినగానే ఆపాకు గుస్సా వచ్చింది. కూర్చుని లెక్క రాశాం. ప్రింటు 14, కవరు 4, మడత కూలీ 3, మొత్తం 21. మిగిలేది 19. మూడొందల ప్యాకెట్లకు 5,700. ఇంటి గడపలో 120కి అమ్మితే సంవత్సరానికి ముప్పై పోవు. పైగా ఆదోని, నంద్యాల దుకాణాలకు తిరగాల్సిన కాళ్లు సేఠ్‌వి, ఆపావి కావు. ఆ మునాఫా ఆయన మెహనత్‌కు. అది నాజాయజ్ కాదు.

పేచీ డబ్బు ఎప్పుడిస్తాడన్న దగ్గర వచ్చింది. 90 రోజుల ఉధార్ అన్నాడు. ఆపా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంది. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ముఫ్త్. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న తయారీదారు దగ్గర సరుకు తీసుకున్నవాడు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. చాలామంది అన్నదమ్ములు "రాయించుకుంటే దోస్తీ చెడుతుంది" అంటారు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరా 282, అప్పు రాసిపెట్టుకోవడం గురించే. రాత దోస్తీని కాపాడుతుంది.

చివరి అడ్డంకి పేరు. కవరు మీద తన దుకాణం పేరే ఉండాలన్నాడు సేఠ్. అసలు ఖాకాలు కూడా తన దగ్గరే పెట్టమన్నాడు. ఆపా చాలాసేపు ఖామోష్‌గా ఉంది. నాకు బటరిక్ ఖిస్సా గుర్తొచ్చింది. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ సైజులవారీ కాగితం నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. సైజుల ఆలోచన భార్య ఎలెన్‌దని చెప్పుకుంటారు. కంపెనీ మీద నిలిచింది మాత్రం భర్త పేరే.

ఆపాకు బటరిక్ ఎవరో తెలియదు. "కవరు మీద మీ పేరు వేసుకోండి భాయ్, లోపల ప్రతి కాగితం మీద నాది ఉంటుంది. అసలు ఖాకాలు మా ఇంట్లోనే ఉంటాయి" అంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పదకొండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. మూడొందలు కాదు, రెండొందలు. సగం డబ్బు సరుకు దిగగానే, మిగతాది 45 రోజుల్లో. రాసి సంతకం చేశాడు.

రెండొందలతో ఇల్లు నడవదు, నిజమే. మొదటి హిసాబ్‌లో మిగిలింది 3,800. అయితే ఆ నెల ఆపా మిషన్ తొక్కింది రోజుకు మూడు గంటలే. ఒక కాగితం కింద మూలన మొదటిసారి తన పేరు అచ్చులో చూసుకుని, వేలితో తడిమి, "స్పెల్లింగ్ సహీ ఉందా?" అని అడిగింది. ఉంది.

మీ ఇంట్లో కూడా అమ్మీదో, ఖాలాదో ఇలాంటి కాగితాల కట్ట ఉంటే ఈద్ సఫాయీలో పారేయకండి. ముందు పక్కన కూర్చుని పేర్లు రాసుకోండి. ఏ ముక్క ఏదో చెప్పగలిగే మనిషి ఇంట్లో ఉన్నప్పుడే.