హైటెక్ సిటీ ఎవరు కట్టిండ్రు? సరే గాని, గజం ఎంత?

మా ఊరి వాట్సాప్ గ్రూపుల మళ్ళ అదే పంచాయితీ. హైటెక్ సిటీ ఎవరు కట్టిండ్రు? నెలకొకసారి ఇది లేవకపోతె మా పోరగాళ్ళకు తిన్నది అరగదు. ఈసారి ఇద్దరు బావబామ్మర్దులు కొట్లాడుకోని గ్రూపులకెళ్ళి బయటికి పోయిండ్రు. ఇద్దరిది ఒకటే బోరు. మోటరు ముందు ఎవరు పెట్టుకోవాల్నో ఇప్పుడు ఇంట్ల ఆడోళ్ళు మాట్లాడుకోని చెప్తున్నరు.

తమాషా ఏందంటె, ఎవరు చెప్పేది వాళ్ళకు కరెక్టే. సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిండు. అప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు. అందుకని తెలుగుదేశపోళ్ళు మాదే అంటరు. వాజపేయి ఫోటో పెట్టి బీజేపోళ్ళు సగం మాది అంటరు. అంతకన్న ముందే నేదురుమల్లి జనార్దన్ రెడ్డి పునాది రాయి ఏసిండని కాంగ్రెసోళ్ళు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, 2008ల శంషాబాద్ ఎయిర్‌పోర్టు లేకపోతె ఏ కంపెనీ వచ్చేదని వైఎస్ అభిమానులు. టీ హబ్ ఎవరు పెట్టిండ్రు, 2020ల దుర్గం చెరువు మీద తీగల వంతెన ఎవరేసిండ్రని గులాబీ తమ్ముళ్ళు. రాయి ఒకరిది, రిబ్బను ఒకరిది, రోడ్డు ఇంకొకరిది. ఆ రోజుల్ల మా ఊరికెళ్ళి సెంట్రింగ్ పనికి మాదాపూర్ పోయినోళ్ళు ఉన్నరు. వాళ్ళు గ్రూపుల లేరు, వాళ్ళది బటన్ల ఫోను.

ఇంకొకటి గమనించిండ్రా? సైబర్ టవర్స్ తెరిచిన రెండు నెలలకే, 1999 జనవరిల, రైతు బజార్లు మొదలైనయి. అదే ముఖ్యమంత్రి. సర్కార్లు ఎన్ని మారినా అవి నడుస్తనే ఉన్నయి. రైతు బజారు మాది అంటె మాది అని ఏ పార్టోళ్ళు కొట్టుకోంగ నేనైతె సూడలే. వంకాయల కుప్ప కాడ సెల్ఫీ మంచిగ రాదేమో.

మా బిడ్డ కొండాపూర్‌ల ఉంటది కాబట్టి ఆ దిక్కు నేను పోతుంట. పొద్దుగాల తొమ్మిదింటికి హైటెక్ సిటీ మెట్రో మెట్ల కాడ నిలబడి సూడుండ్రి. అందరి మెడల పట్టీలు, పట్టీకి ఫోటో, నంబరు. మా బర్రె చెవికి సుత సర్కారోళ్ళు పన్నెండంకెల ట్యాగు కొట్టిండ్రు. ఫోటో ఒక్కటే తక్కువ. మొన్న ఒక అపార్ట్‌మెంటుకు గోణె సంచిల చిక్కుడుకాయ పట్కపోతె, వాచ్‌మెన్ సంచిని సూసి సర్వీస్ లిఫ్టుల పొమ్మన్నడు. అప్పుడే ఒక కుక్క స్వెటరు ఏసుకోని పెద్ద లిఫ్టు ఎక్కింది. నాకేం కోపం రాలే. అది అక్కడి ఓనర్ల కుక్క, నేను ఉత్త చిక్కుడుకాయ ఓనర్ని.

సర్వీస్ లిఫ్టుల ఉండేటోళ్ళు ఇంట్ల పనిచేసే అక్కలు, గ్యాస్ బండ తెచ్చే పిలగాడు, డెలివరీ పిలగాళ్ళు. ఒక్కరు గూడ ఇది ఎవరు కట్టిండ్రని అడగలే. కింద నీళ్ళు ఎంత దాక వచ్చినయని అడిగిండ్రు. గంట వాన పడితె రోడ్డు మీద మోకాలు లోతు నీళ్ళు, బండ్లు బంద్. ఆ టైముల మాత్రం ఇది మేమే కట్టినం అనేటోడు దొరకడు.

ఓట్ల ముచ్చట సుత అంతే. 2023 నవంబర్ 30న సెలవిచ్చినా హైదరాబాద్ జిల్లాల సగం మంది ఓటెయ్యలే. ఫోన్ల మాత్రం అందరు కార్యకర్తలే.

అసలు సంగతికొస్త. 2023 ఆగస్టుల కోకాపేట వేలంపాటల ఎకరం 100 కోట్ల 75 లక్షల దాక పోయింది. సర్కారు బీఆర్ఎస్‌ది. భూములు అమ్ముడేంది అని కాంగ్రెస్ మొత్తుకున్నది. 2025 అక్టోబర్‌ల రాయదుర్గం కాడ ఎకరం 177 కోట్లకు పోయింది. సర్కారు కాంగ్రెస్‌ది. ఇప్పుడు మొత్తుకునే వంతు బీఆర్ఎస్‌ది. డైలాగు అదే, కండువా మారింది. మధ్యల కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు సూడుండ్రి. ఒక సర్కారు ఒక కంపెనీకి ఇచ్చింది, తర్వాతి సర్కారు రద్దు చేసింది, కేసు ఏండ్లకేండ్లు నడిచి 2024ల సర్కారు గెలిచింది, 2025ల బుల్డోజర్లు పోయినయి, సుప్రీంకోర్టు ఆపింది. నెమళ్ళను ఎవరు ఏ పార్టీ అని అడగలే.

నేను కూసోని ఒక లెక్క ఏసిన. ఎకరానికి 4,840 గజాలు. 177 కోట్లను పంచితె గజం 3 లక్షల 65 వేలు దాటుతది. మా దగ్గర ఎకరానికి 25 క్వింటాళ్ళ వడ్లు వస్తె పండుగే. 2025-26కు ఏ గ్రేడు మద్దతు ధర 2,389. వానకాలం, యాసంగి రెండు పంటలు కలిపి లక్షా 19 వేల చిల్లర, పెట్టుబడి తీయకముందు. అంటె అక్కడ ఒక్క గజం కొనాలంటె నా ఎకరం మూడేండ్లు పండాలె. ఎకరం కొనాలంటె 14,800 ఏండ్లు. సన్నాలకు ఇచ్చే 500 బోనస్ కలుపుకుంటె 12,250 ఏండ్ల దగ్గరికి దిగుతది. అంత మట్టుకు సంతోషమే.

నాకు కుళ్ళు లేదు. మా బిడ్డ జీతం ఆ అద్దాల బిల్డింగులకెళ్ళే వస్తది. కాని ఇప్పుడు మా వికారాబాద్ దిక్కు ట్రిపులార్ రోడ్డు మాట నడుస్తున్నది. లైను ఇటు పోతదని ఒకరు, అటు జరిగిందని ఒకరు. వచ్చిన ప్రతి నాయకుడు మీ ఎంబడి ఉన్నం అంటున్నడు. రోడ్డుకు భూమి పోతె రాయదుర్గం లెక్కన కట్టియ్యరు. రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు, చుట్టుపక్కల సేల్‌డీడులు సూసి కట్టిస్తరు. ఊళ్ళల్ల జనం స్టాంపు ఖర్చుకు భయపడి తక్కువ రాపిచ్చుకుంటరు, అందుకే ఆ కాగితాల మీద రేటు ఎప్పుడు తక్కువే ఉంటది. ఆ ఇద్దరు బావబామ్మర్దుల చెల్కలు సుత లైను పక్కనే ఉన్నయంటున్నరు. 1998ల రిబ్బను ఎవరు కోసిండ్రో ఇద్దరికి తెలుసు. వాళ్ళ సర్వే నంబర్‌కు ఇప్పుడు సర్కారు రేటు ఎంతున్నదో ఇద్దరికీ తెల్వదు.

ఉత్తరం దిక్కు, సంగారెడ్డి, గజ్వేల్, భువనగిరి వైపు ట్రిపులార్‌ల భూమి పోయినోళ్ళు ఎవరన్న ఇది సదువుతుంటె, మీకు ఎకరానికి ఎంత రాసిండ్రో, బోరుకు, చెట్లకు ఎంత కట్టిండ్రో కింద రాయుండ్రి. పార్టీ పేరు అక్కర్లేదు, అంకె చాలు.