మృగానికి కొమ్ములెందుకు?

పిల్లల భయాన్ని పెద్దలు సాధారణంగా రెండు విధాల పోగొట్టజూస్తారు. "అటువంటిదేదీ లేదు" అనడం ఒకటి. "ఉన్నా ఇక్కడికి రాలేదు" అనడం రెండవది. ఈ రెండు మాటలవల్లనూ పిల్లల కంటె పెద్దలకే ఎక్కువ ఊరట. అహమ్మదాబాదులో ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి ఒకనాటి రాత్రి మొదటి మార్గం మూసుకొనిపోయినది, రెండవది చాలకపోయినది.

ఆయన మనుమరాలికి ఏడేళ్లు. ఆ సాయంకాలం ఇంటిల్లిపాదీ కూర్చుండి, వాల్ట్ డిస్నీ సంస్థవారు 2000 లో విడుదల చేసిన 'డైనోసార్' చలనచిత్రాన్ని చూచినారు. అందులో కథానాయకుడు అలడార్ అనే ఇగ్వానోడాన్. మేత మేసి బ్రతికే మృగాల గుంపొకటి ఎండిన నేలమీదుగా గుడ్లు పెట్టే చోటును వెదకుకొంటూ నడచిపోతూ ఉంటుంది. వెనుకనే రెండు కార్నోటారస్ మృగాలు తరుముకొంటూ వస్తవి. కొండంత శరీరం, ఎర్రని మేను, కన్నులమీద రెండు కొమ్ములు. పెద్దలు చూచి ఆనందించినారు. పిల్ల మాత్రం మాట్లాడలేదు. పడకవేళకు తాతగారి పక్కన చేరి, "దాదా, అది నిజంగా ఉండేదా?" అన్నది.

లేదనడం అబద్ధం. ఆయన జీవితమంతా విజ్ఞానశాస్త్రం బోధించినవాడు. తరగతినిండా పిల్లల ఎదుట సునాయాసంగా చెప్పిన నిజాన్ని, పక్కన ముడుచుకొని పడుకొన్న ఒక్క పిల్లకు చెప్పడం ఇంత కష్టమని ఆయన అంతవరకు ఎరుగడు. చివరకు, "ఉండేది బేటా, కాని నీవు చూచినట్లు కాదు" అన్నాడు. "మరి ఎట్లా?" అన్నది పిల్ల. ఆ ప్రశ్నకు ఆ రాత్రి ఆయన వద్ద సమాధానం లేదు. మరునాడు పుస్తకాలు ముందు వేసుకొని కూర్చున్నాడు.

కార్నోటారస్ అనగా మాంసం తినే ఎద్దు అని అర్థం. 1984 లో అర్జెంటీనా దేశపు పటగోనియా ప్రాంతంలో, చూబూట్ రాష్ట్రంలో, హోసే బోనపార్తె అనే శాస్త్రజ్ఞుని బృందం దాని అస్థిపంజరాన్ని త్రవ్వి తీసినది. 1985 లో ఆయన దానికి పేరు పెట్టినాడు. ఆ మృగాన్ని గురించి లోకానికి తెలిసినదంతా దాదాపుగా ఆ ఒక్క అస్థిపంజరం చెప్పినదే. పొడవు సుమారు 8 మీటర్లు. ముందుకాళ్లు పేరుకే ముందుకాళ్లు, అంత చిన్నవి. తల కురచ, ఎత్తు ఎక్కువ. చర్మపు ముద్రలు కూడా రాతిలో నిలిచినవి గనుక పైన ఈకలు లేవనీ పొలుసులు ఉండెననీ తెలిసినది. రంగు మాత్రం ఆ ముద్రలలో నిలువలేదు.

చిత్రంలో అది తరిమిన ఇగ్వానోడాన్ దానికంటె ఎంతో బరువైన జంతువు. ఆ రెండూ ఏనాడూ ఒకదానినొకటి చూచి ఉండవు. ఇగ్వానోడాన్ యూరప్ ఖండంలో సుమారు 12 కోట్ల 50 లక్షల ఏండ్ల క్రితం తిరిగినది. కార్నోటారస్ దక్షిణ అమెరికాలో సుమారు 7 కోట్ల ఏండ్ల క్రితం బ్రతికినది. వాటి నడుమ ఐదు కోట్ల ఏండ్లకు పైగా కాలం ఉన్నది. కథ ఈ దూరాన్నంతా ఒక్క పరుగుతో దాటించివేసినది.

ఉపాధ్యాయుడు కథకులమీద కోపించలేదు. కథకు ప్రతినాయకుడు కావలెను. ప్రతినాయకునికి ఆకారం కావలెను. రాక్షసునికి కొమ్ములు పెట్టడం ఈ దేశపు వీథినాటకాలవారికి కూడా తెలిసిన విద్యయే. ఆయనను ఆలోచింపజేసినది ఆ కొమ్ములే. కొమ్ములు చూడగానే అది క్రూరమృగమని పిల్ల గ్రహించినది. కాని అదే పిల్ల రోజూ బడికి పోతూ వీథిలో పడుకొన్న ఎద్దు పక్కనుండి బెదరక నడచిపోతుంది. ఎద్దు, గేదె, జింక, ఖడ్గమృగం: కొమ్ములు మోసే ఇవన్నీ గడ్డీ ఆకులూ తినేవే. పులికి కొమ్ములు లేవు, సింహానికి లేవు. చంపి తినేవానికి కొమ్ముతో పని తక్కువ.

అయితే ఆ మాంసాహారికి అవి ఎందుకు? శాస్త్రజ్ఞులు పలు విధాల ఊహించినారు. తన జాతి మగవానితో తలతో తల ఆనించి త్రోసుకొనుటకు కావచ్చును. పక్కలమీద పొడుచుటకు కావచ్చును. జోడును ఆకర్షించే అలంకారమైనా కావచ్చును. ఎముక వరకు ఆ కొమ్ము పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. పైన గోరువంటి తొడుగు ఉండి కొంత పెరిగి ఉండవచ్చును. ఈ ఊహలలో ఏది సరియైనదో ఇంకా తేలలేదు. కాని వీటిలో ముఖ్యమైనవన్నీ ఆ కొమ్ములను వేటతో గాక తన జాతివారితో ముడిపెట్టేవే.

ఆ రాత్రి ఆయన ఇదంతా చిన్న మాటలలో చెప్పినాడు. పిల్ల చాలసేపు విని, "అయితే అది మంచిదా?" అన్నది. మంచిదని చెప్పి నిద్రపుచ్చడం సులభం. కాని ఒక అబద్ధాన్ని తీసివేసి దాని చోట మరొక అబద్ధాన్ని పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. "మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దానికి ఆకలి వేసేది" అన్నాడు. ఆ సమాధానంతో పిల్లకు నిద్ర వెంటనే రాలేదు. కాని తల దుప్పటిలోనుండి బయటపెట్టినది.

కొన్నాళ్లకు ఆయన పిల్లను రైయోలీకి తీసుకొనిపోయినాడు. గుజరాత్ రాష్ట్రంలో, నేటి మహీసాగర్ జిల్లాలో, బాలాసినోర్ పట్టణానికి సమీపాన ఉన్న గ్రామమది. 1982–84 మధ్య భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు అక్కడ ఎన్నో ఎముకలు సేకరించినారు. వాటిలో ఒక మాంసాహారి పుఱ్ఱెలోని భాగం ఉన్నది. దానిని పరిశీలించి 2003 లో భారతీయ, అమెరికన్ శాస్త్రజ్ఞులు రాజాసారస్ నర్మదెన్సిస్ అని పేరు పెట్టినారు. అది కార్నోటారస్‌కు జ్ఞాతి. దాని నుదుట కూడా కొమ్మున్నది; రెండు కావు, ఒక్కటే; అదీ పొట్టిది, గుండ్రనిది. ఆ కాలంలో భారత భూఖండం ఆసియానంటక సముద్రంలో ఉత్తరముగా జరుగుతూ ఉండేది.

2019 లో తెరచిన అక్కడి ప్రదర్శనశాలలో కంటె బయటి రాళ్లలోనే పిల్ల ఎక్కువసేపు నిలిచినది. ఎండలో తెల్లబడిన ఆ రాళ్లలో గుడ్ల గుండ్రని గుర్తులను చూపగా, వంగి చేయి ఆనించి చూచినది. "ఇది మన ఊరిదే గదా దాదా. దీని సినిమా ఏదీ?" అన్నది. ఆయన నవ్వి ఊరకున్నాడు.

ఇంటికి వచ్చిన పిమ్మట పిల్ల కాగితంమీద ఒక మృగాన్ని గీచినది. నుదుట పొట్టికొమ్ము ఒకటి పెట్టినది. పండ్లు మాత్రం పెద్దవిగానే గీచినది. రంగుల పెట్టె తెరచి, ఎర్రరంగు చేతికి తీసుకొని, కాసేపు ఆలోచించి మరల పెట్టెలో పెట్టినది. "వేయవా?" అని తాతగారు అడుగగా, "ఏ రంగో ఎవరికీ తెలియదన్నావు గదా" అన్నది.

ఆ బొమ్మ రంగు లేకుండానే ఆ ఇంటి గోడమీద ఉన్నది. దాని క్రిందనే పిల్ల పడుకొంటుంది.