అవ్వల పాటలు, నల్లని కిటికీ



ఒట్టపిడారం పరిసరాలలో ఇంట తెలుగు మాట్లాడే అవ్వలు ఎందరో ఉన్నారు. ఆ తెలుగును వ్రాయగలవారు అరుదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేటా పైతరగతులకు సాగింది. మా పిల్లలకు బడిలో తెలుగక్షరం దొరకడం మరింత కష్టమైంది. అందుచేత అవ్వలు పాడే పెండ్లి పాటలను, పత్తిచేని పాటలను, పొడుపుకథలను ఫోనులో పట్టి, కంప్యూటరులో దాచి, పాఠాలుగా వినిపిస్తూ వచ్చాను.

రెండేళ్ల క్రితం కంప్యూటరులో చోటు చాలక ఆ ఫోల్డరును మౌసుతో లాగి బయటి హార్డ్ డిస్కులో వేశాను. కేబులు కదిలింది కాబోలు, కాపీ నడుమ ఆగింది. ఎంతవరకు చేరిందో చూడకుండానే మూలాన్ని చెరిపివేశాను. తరువాత లెక్కిస్తే 14 పాటలు లేవు. వాటిని పాడిన అవ్వ అప్పటికే కాలం చేసింది. ఆమె మనుమరాలు నా తరగతిలోనే ఉంది. "సార్, మా అవ్వ పాట ఎప్పుడు వేస్తారు?" అని అడిగితే నాకు మాట రాలేదు.

ఆ పిమ్మట నా పాత విద్యార్థి ఒకడు ఈ పద్ధతి నేర్పాడు. విండోస్‌లో స్టార్ట్ మెనూ తెరిచి సీఎండీ అని కొట్టండి. నల్లని కిటికీ వస్తుంది. భయపడకండి, నేనూ భయపడ్డాను. అందులో రోబోకాపీ అని వ్రాసి, ఖాళీ విడిచి మూల ఫోల్డరు చిరునామా, మరొక ఖాళీ విడిచి చేరవలసిన ఫోల్డరు చిరునామా, చివర ఇంకొక ఖాళీ విడిచి స్లాష్ ఈ వ్రాయాలి. స్లాష్ ఈ అంటే లోపలి ఫోల్డర్లన్నిటితో సహా అని. చిరునామాలో ఖాళీలుంటే దానిని కొటేషన్ గుర్తుల నడుమ ఉంచాలి. కాపీ నడుమ తెగితే అదే ఆజ్ఞను మళ్లీ ఇవ్వండి. చేరినవాటిని వదలి, చేరనివాటినే తీసుకుంటుంది. ఏదైనా ఫైలు మొరాయిస్తే, మనం వేరుగా చెప్పనంతవరకు, 30 సెకన్ల చొప్పున ఆగి పది లక్షల మార్లు ప్రయత్నిస్తుందట! మాలో ఎవరికుంది అంత ఓపిక? స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 అని చేర్చితే, రెండు మార్లు, అయిదేసి సెకన్లు ఆగి, ముందుకు పోతుంది.

స్లాష్ మిర్ అనే మాటను మాత్రం తెలియక వాడకండి. మూలంలో లేనిదంతా బయటి డిస్కులోనూ చెరిగిపోతుంది. నా వంటివాడి చేతిలో అది కొడవలి.

చివర ఒక పట్టిక వస్తుంది. అందులో ఫెయిల్డ్ అనే వరుస కింద సున్నా ఉన్నదో లేదో చూడండి. ఉన్నా, నాలుగు పాటలు బయటి డిస్కు నుండే వినండి. మూలాన్ని ఆ తరువాతనే ముట్టండి. తెలుగు పేర్లు ఆ కిటికీలో డబ్బాలుగా కనబడవచ్చు. కంగారు వద్దు, డిస్కులో అక్షరాలు చక్కగానే ఉంటాయి. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీని మించిన వీడియో దానిలో ఇమడదు.

ఆ మనుమరాలికి మూడు పాటలు సగం సగం గుర్తున్నాయి. క్రిందటి నెల ఆమె గొంతులోనే వాటిని పట్టాను. ఇప్పుడవి రెండు డిస్కులలో ఉన్నాయి. రెండవది కోవిల్‌పట్టిలో మా చెల్లెలి ఇంట, బీరువాలో, పట్టుచీరల నడుమ.