గింజకూ ఒక షజరా

మా ఆపా కూతురు అగ్రికల్చర్‌లో జెనెటిక్స్ చదివింది. విత్తనాల రీసెర్చ్‌లో డేటా చూసుకునే నౌకరీ వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఖుషీ లేదు. "ఇంత చదివి మున్షీగిరీనా?" అన్నది ఆపా. "మీరైనా అమ్మీకి సంజాయించండి మామూ" అని బేటీ నన్ను పట్టుకుంది.

అఖ్బార్‌లో పనిచేసేవాణ్ని కనుక నాకీ పని ఖీమత్ తెలుసు. వెనక పేరూ తారీఖూ లేని పాత ఫొటో ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉన్నా అచ్చుకు పనికిరాదు. గింజా అంతే. డబ్బాలో పోశాక గోధుమలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ ఊళ్లో, ఎంత ఎత్తున, ఎంత వాన పడే చోట, ఏ ఏడాది సేకరించారు, అక్కడి కిసాన్ దాన్ని ఏమని పిలిచాడు, ఇదంతా దాని షజరా. రిష్తా మాట్లాడేటప్పుడు మనం ఖాందాన్ అడగమా? సైంటిస్టులూ అదే అడుగుతారు.

ఆస్ట్రేలియాలోని టామ్‌వర్త్‌లో గోధుమ, బార్లీ విత్తనాల ఖజానాను చూసుకున్న మైకేల్ మాకే ఈ షజరాలతోనే పెద్ద పని చేశాడు. కావలసిన గుణం ఎందులో ఉందో తెలియాలంటే వేల రకాలు నాటి చూడాలి. దానికి ఒక ఉమ్ర్ చాలదు. ఏ జమీన్, ఏ మౌసమ్ ఆ గుణాన్ని పెంచి ఉంటుందో ముందు రికార్డుల్లో వెతుకుదాం అన్నది ఆయన ఖయాల్.

ఆయన కూడా పాల్గొన్న ఒక పరిశోధన 2009లో అచ్చయింది. బూడిద తెగులును తట్టుకుంటాయని ముందే తెలిసిన గోధుమలు ఎలాంటి చోట్ల నుంచి వచ్చాయో చూశారు. 16,089 రకాల రికార్డుల్లో అలాంటి చోట్లవే 1,320 ఏరారు. వాటిని పరీక్షిస్తే 211 తెగులును తట్టుకున్నాయి. తెగులును ఆపే ఒక జన్యువుకు అంతవరకూ ఎవరికీ తెలియని 7 రూపాలు వాటిలో దొరికాయి. కాగితాల్లో ఊరి పేర్లు లేకపోతే ఆ ఏరివేత ముమ్‌కిన్ అయ్యేదే కాదు.

ఈ పద్ధతిలో మాకేకు తోడు నిలిచిన సంస్థ ఇకార్డా. దాని విత్తన ఖజానా సిరియాలో అలెప్పో దగ్గర ఉండేది. ఉర్దూ కితాబుల్లో మనం హలబ్ అని చదువుకున్న షహర్ అదే. జంగ్ వల్ల 2012లో సిబ్బంది అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. అయితే 2008 నుంచే వాళ్లు నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు ఖజానాకు నకలు గింజలు పంపుతూ వచ్చారు. 2015లో 38 వేలకు పైగా నమూనాలను వెనక్కి తెచ్చుకున్నారు. స్వాల్‌బార్డ్ నుంచి ఎవరైనా విత్తనాలు తీసుకోవడం అదే మొదటిసారి. వాటిని లెబనాన్, మొరాకోల్లో నాటి, పండించి, 2017 నుంచి కొత్త గింజల్ని మళ్లీ స్వాల్‌బార్డ్‌కు పంపారు. ఏ పొట్లంలో ఏముందో ఫెహరిస్తు లేకుండా అన్ని వేల పొట్లాలను ఎవరు నాటగలరు?

మున్షీగిరీ అని మనం తేలిగ్గా అనేస్తాం. నిజానికిది అమానత్. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో కిసాన్ పొలానికి తెగులు వస్తే, ఇవాళ సరిగ్గా రాసి పెట్టిన ఒక వరుస అతనికి అక్కరకొస్తుంది. రాసినవాళ్ల నామ్ అతనికి తెలియకపోవచ్చు.

మన పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ ఖజానాలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. ఒక్కోదాని షజరా నిలబెట్టే మనుషులు కావాలి. మీ ఇంట్లో బయాలజీ చదివే బచ్చీ ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటానంటే, దయచేసి మొహం చిన్నబుచ్చుకోకండి.