ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కాపురమున్న చోట్లు

గత వేసవిలో మావారి పాఠశాలకు సెలవులగుటచే పిల్లలతో గూడ అమెరికాకు పోయి, బోస్టన్ నగరమున నున్న మా చెల్లెలి యింట నెలదినములుంటిమి. ఆ దేశమునకు పోయినవారందఱును చూచు మేడలను, జలపాతములను మేమును చూచితిమి. వానిని గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు గనుక నేను వ్రాయను. నేను చెప్పబూనినది ఒక యిల్లాలి పద్యములు అచ్చుపడిన విధమును.

బోస్టనునకు ఏటి యావల కేంబ్రిడ్జి యను పట్టణమున్నది. 1630వ సంవత్సరమున ఆంగ్లేయులు ఓడలలో వచ్చి, అచ్చటి ఆదిమజాతుల నేలపై మసాచుసెట్సు వలసను స్థాపించి కట్టుకొన్న పల్లెలలో నిది యొకటి. ఆ యోడలలో ఆర్బెల్లా యనుదానిపై ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ వచ్చెను. అప్పటి కామెకు సుమారు పదునెనిమిదేండ్లు. వెంట వచ్చిన తండ్రి థామస్ డడ్లీయు, భర్త సైమనును తరువాత ఆ సీమకు గవర్నరులైరి. ఆమె బడికి పోలేదు. ఇంటనే గ్రంథములు చదివికొని పెరిగినది. ఆ మాట విన్నంతనే నా కామె చుట్టమైనట్లు తోచినది. మా నాయనగారు వీథియరుగుపై కూర్చుండి నాకు పోతనను, మొల్లను చెప్పిన సాయంకాలములు కన్నులకు గట్టినవి.

మా మఱిది మమ్ము హార్వర్డు విశ్వవిద్యాలయపు వీథులలో త్రిప్పెను. ఆన్ కొంతకాలము కాపురమున్న తావును తెలుపు ఫలకమొకటి అంగళ్ల నడుమ నున్నది. దారిన బోవువారెవ్వరును దానిని చూచుట లేదు. విశ్వవిద్యాలయ ప్రాకారములోని వసతిగృహములలో విద్యార్థినులు చేరి 25 ఏండ్లు నిండినపుడు, 1997లో, ఆమె పేర నొక ద్వారమును కట్టిరి.

ఈ యూరికే మఱియొక ప్రసిద్ధి కలదు. 1638లో జోస్ గ్లోవర్ అను పాదరీ ఇంగ్లండునుండి అచ్చుయంత్రమును, దానిని నడుపుటకు పనివారిని ఓడ కెక్కించుకొని బయలుదేరి సముద్రముమీదనే మరణించెను. ఆయన భార్య ఎలిజబెత్తు, పిల్లలను వెంటనిడికొని యొడ్డు చేరి, ఆ యంత్రమును కేంబ్రిడ్జిలో నిలిపించెను. దానిని నడిపిన స్టీఫెన్ డే తాళములు చేయు పనివాడు! 1640లో అందచ్చయిన దావీదు కీర్తనల పద్యానువాదమే ఆ వలసలలో వెలువడిన మొదటి పుస్తకము. 1700 ప్రతులు వేసిరట. నేడు మిగిలినవి 11. అందొకటి 2013లో కోటి నలువది లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయినది. పుస్తకము నిండ అచ్చుతప్పులేనట. తాళములవాని చేతి యచ్చు గదా!

సోదరీమణులారా, ఆ సీమకు తొలి యచ్చుయంత్రమును తెచ్చి నిలిపినది ఒక విధవరాలు. అయినను ఆ సీమ కవయిత్రి పద్యము లా యంత్రముపై నచ్చుకాలేదు. యంత్రము వచ్చునప్పటికే ఆన్ ఆ యూరు విడిచి ఇప్స్‌విచ్ అను క్రొత్త పల్లెకు, పిమ్మట నేడు నార్త్ ఆండోవర్ అనబడు చోటికి కాపురము మార్చినది. ఎనమండ్రు బిడ్డల తల్లి. పిల్లలు నిద్రించిన పిదప వ్రాసికొన్న పద్యములు చుట్టముల చేతులలో మాత్రమే తిరుగుచుండెను. చెల్లెలు మెర్సీ మగడగు జాన్ వుడ్‌బ్రిడ్జి 1647లో ఆ ప్రతిని లండనునకు గొనిపోయి, ఆమెతో చెప్పకయే అచ్చున కిచ్చెను. 1650లో పుస్తకము వచ్చినది. ముఖపత్రముపై ఆమె పేరు లేదు; ‘ఆ ప్రాంతములందలి యొక కులస్త్రీ’ యని మాత్రమున్నది. ఇంటిపనిని చెఱచి గాక, నిద్ర తగ్గించుకొని వ్రాసినదని మఱిది పీఠికలో పూచీ పడవలసివచ్చెను. పురుషుడు వ్రాసిన కావ్యమునకు ఇట్టి పూచీ నెవ్వరైన అడిగిరా?

ఆ పుస్తకము చేతికి వచ్చినపుడు ఆన్ సంతోషించిన దానికంటె సిగ్గుపడినదే యెక్కువ. దానిని చింపిరిగుడ్డలతో ఊరేగిన బిడ్డగా భావించి యొక పద్యము వ్రాసినది. మొగము కడుగగా క్రొత్త మచ్చలు కనబడెనట. పాదములు సాగదీసి సరిచేసినను కుంటినడక పోలేదట. కాలికిని పద్యమునకును పాదమను నొక్క మాటయే యుండుట మన సొమ్మే యనుకొంటిని. వారి భాషలోను అట్లే యున్నదని మావారు చెప్పిరి.

మఱునాడు కారులో నార్త్ ఆండోవర్ పోయితిమి. 1666 జూలై 10వ తేదీ రాత్రి ఆమె యిల్లు కాలిపోయినది. పుస్తకములును, కాగితములును అందు పోయినవి. ఆమె 1672లో మరణించినది. సమాధి యెచటనో తెలియదు. పాత శ్మశానవాటికలో జ్ఞాపకశిల మాత్రమున్నది. ఆమె దిద్దుకొన్న ప్రతి 1678లో, అనగా చనిపోయిన ఆఱేండ్లకు, బోస్టన్‌లోనే అచ్చయినది. భర్తపై వ్రాసిన పద్యములు అందే మొదట లోకమునకు తెలిసినవి. తన దిద్దుబాట్లను ఆమె అచ్చులో చూడనే లేదు.

ఆ శిలకడ నిలుచుండగా మా మఱిది, “వదినా, మీరును ఒక శతకము వ్రాసి పెట్టెలో దాచితిరని మీ చెల్లెలు చెప్పినది. నా కిండు, నేను అచ్చొత్తించెదను,” అనెను. మాకంటె ముందే మా చెల్లెలు నవ్వినది. నాకు నవ్వు రాలేదు. మా అన్నగారు నాతో చెప్పక నా పద్యము నొకదానిని ఒక పత్రికకు పంపగా, ‘కలువకన్నులు’ అన్నచోట ‘చిలువకన్నులు’ అని పడి, అమ్మవారికి పాముకన్నులు వచ్చినవి. ఛందస్సు చెడలేదు గనుక ఎవ్వరును గుర్తింపలేదు. అది జరిగి పదేండ్లయినను ఆ సంచిక కనబడిన త్రిప్పివేయుదును.

“ఇచ్చెదను గాని, అచ్చు చిత్తులు మొదట నాకు పంపవలెను. నేను చూడనిది ఒక్క పుటయు వేయరాదు. పేరు నాదే యుండవలెను,” అంటిని. ఆయన సరే యనెను. ఇంటికి వచ్చిన నాటినుండి రాత్రులు పెట్టె తెఱచి కూర్చుండుచున్నాను. నలువదిమూడవ పద్యమున మూడవ పాదపు యతి యింకను కుదురలేదు.