షరాంతు నదీతీరమున

మా కొల్లూరు కృష్ణకు చేరువ నున్నట్లే, ఫ్రాన్సు దేశపు పడమటి భాగమున కొన్యాకు అను చిన్న పట్టణము షరాంతు నది యొడ్డున నున్నది. ఆ పేరు విన్నవారికి ఊరు తోపదు, బ్రాందియే తోచును. పారిసున నుద్యోగములో నున్న మా మరిది మమ్ము నచ్చటికి గొనిపోయెను. మద్యము గడప త్రొక్కని బడిపంతులుగారి యిల్లాలికి అచ్చట నేమి పని యని సోదరీమణులు నవ్వుదురు గాక! చూచినది చెప్పెదను.

పీపాల కొట్ల గోడలు మన వంటయింటి చూరువలె నల్లనివి. అది మసి కాదు. పీపాలనుండి ఏటేట నావిరియై పోవు మద్యముచే పెరుగు బూజు. ఆ పోయినదానిని వారు దేవదూతల వాటా యందురు. ఆ దూతలు మన సోమపానప్రియుడగు నింద్రునికి చుట్టములు కాబోలు!

తెల్లద్రాక్షరసమును పులియబెట్టి రాగిబట్టీలలో రెండుమారులు కాచుదురు. చలికాల మగుటచే బట్టీలు మండుచుండెను. అప్పుడే దిగిన సారమును నాకు వాసన చూపిరి. నీరువలె తెల్లనిది, నూటికి డెబ్బది పాళ్ళు మద్యసారమే. ఆ వాసన నాకు క్రొత్తది కాదు. కూలిడబ్బు ముట్టిన సాయంకాలము తూలుచు ఇల్లు చేరు మగవానియొద్ద వచ్చునదే. దానికి వెరచియే కదా, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో తమ యూర సారాను మాన్పించిరి! ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993లో సారాను, 1995లో మద్యము నంతను నిషేధింపజేసెను. 1997లో ఈ రెండవ నిషేధము సడలినది. అట్టి వాసనను దొరల విందునకు తగినట్లు మార్చు మాయ యేమో చూడవలెనని నాకు పంతము కలిగెను.

ఆ మాయ ఓకుకొయ్య పీపాది, కాలముది. రెండేండ్లైన పీపాలో నుండనిది కొన్యాకు కానేరదు. సీసాపై వి.యస్.ఓ.పి. యనిన నాలుగేండ్లు, ఎక్స్.ఓ. యనిన పదియేండ్లు, కలిపినవానిలో మిక్కిలి చిన్నదాని వయస్సిది. రంగునకై కాల్చిన చక్కెర కలుపుటకును చట్టము సమ్మతించును. అది నాకు నచ్చలేదు.

ఒక యంగడిలో మూడు పెద్ద సంస్థల వి.యస్.ఓ.పి. రకములను పోసిరి. నాలుకకొనకు బొట్టు చొప్పున ముట్టించి, ముక్కునే నమ్మితిని. 1715 నాటి మార్టెల్ తేలిక. పండిన జామ తలపునకు వచ్చినది. కాచుటకు ముందు వారు మడ్డిని తీసివేయుదురు. 1724 నాటి రెమీ మార్టిన్‌వారు మడ్డితోనే కాచుదురు. అందు ఎండుద్రాక్ష వాసనయు, నేతివలె నాలుక నంటు గుణమును గలవు. 1765లో ఐర్లండు దేశీయుడు స్థాపించిన హెన్నెస్సీలో దాల్చినచెక్క ఘాటు మెండు. నా తీర్పున రెమీ మార్టినే మేలు. గొంతు మంట మాత్రము మూటికి నొక్కటే!

ఆ రెమీ మార్టిన్ పీపాల కొట్లకు 2003 మొదలు 2014 వరకు పెద్దగా నున్నది పియెరెట్ త్రిషె యను స్త్రీ. పెద్ద కొన్యాకు సంస్థలలో నా పదవి నందిన తొలి వనిత యామెయే. ఏ పీపాలోనిది పదనైనదో, దేనితో దేనిని కలుపవలెనో ముక్కుతో తేల్చుట యామె పని. జాడీమూత తీయగనే ఆవకాయ ఊరినదో లేదో చెప్పు మన యత్తగార్లకు ఆ కొలువు కష్టము కాదు.